ఆషాఢం చీర, హైబ్రిడ్ కారు

మావారికి చీరల సంగతి తెలియదు. నాకు కార్ల సంగతి తెలియదు. నలభై అయిదేళ్ళుగా ఈ ఒప్పందం మీదనే మా కాపురం సజావుగా సాగిపోతోంది. అయితే మొన్న డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న ఈ ఒప్పందానికి భంగం కలిగింది.

కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని, రెండో చేత్తో ఫోను చూసుకుంటూ మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చారంటే ఏదో పెద్ద ఖర్చే అన్నమాట.

"ఇదిగో, విన్నావా? హైబ్రిడ్ కారు మీద లక్షా పదిహేను వేలు తగ్గిస్తున్నారుట. ఈ నెలాఖరు దాకానే. మళ్ళీ జనవరిలో ధరలు పెరుగుతాయిట. ఎటుచూసినా మనకి లాభమే!" అన్నారు.

"ఎందుకు తగ్గిస్తున్నారుట?" అన్నాను కూర కలియబెడుతూ.

"ఎందుకేమిటి? సంవత్సరాంతం తగ్గింపు!"

"అది ఎప్పుడో చెప్పారు. నేనడిగేది ఎందుకని."

ఆయన జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ఆయన తప్పు కాదు. ఆ ప్రశ్న వెయ్యడం బీసెంటురోడ్డు చీరల కొట్లు నేర్పిన విద్య. ఆయన ఎన్నడూ ఆ కొట్ల లోపలికి రాలేదు, బయట స్కూటరు మీదనే కూచున్నారు.

ఆషాఢంలో చీరల కొట్లవాళ్ళు తగ్గింపు ధరలు ఎందుకు పెడతారో మనలో తెలియని ఆడవాళ్ళు లేరు. ఆ నెలలో పెళ్ళిళ్ళుండవు. కొత్త కోడలు పుట్టింట్లో వుంటుంది. బీరువాల నిండా సరుకు వుండిపోయి, కొట్టువాడు గుమ్మంకేసి చూస్తూ కూచుంటాడు. అప్పుడు వాడికి మనమీద పుట్టుకొచ్చే ప్రేమే ముదరా. అదే చీరని శ్రావణ శుక్రవారం ముందు అడిగి చూడండి. "ఒకటే ధరండీ, బేరం లేదండీ" అంటాడు. చీర మారలేదు, జరీ మారలేదు, మారింది గిరాకీ ఒక్కటే.

ఇది చీరకెంత నిజమో హైబ్రిడ్ కారుకీ అంతే నిజమని నాకు తెలియడానికి కారణం వుంది. పదిహేడేళ్ళ కిందట అమెరికాలో ఆ కారు శ్రావణమాసాన్నీ, ఆషాఢమాసాన్నీ ఒకే ప్రయాణంలో కళ్ళారా చూసి వచ్చాను. ఆ చూడ్డానికి మా యింటి సొమ్ము రెండు లక్షల రూపాయలు ఖర్చయింది. అంచేత ఆ అనుభవం ఉచితంగా మీకు చెప్పడంలో తప్పులేదనుకుంటాను.

* * *

2008 జూన్‌లో మా అమ్మాయి పురిటికని కాలిఫోర్నియా వెళ్ళాను. సన్నీవేల్ అనే వూళ్ళో అమ్మాయీ అల్లుడుగారూ కాపురం. ఆరు నెలల అనుమతి మీద వెళ్ళినదాన్ని, డిసెంబరు దాకా వున్నాను.

నేను దిగేనాటికి అక్కడ పెట్రోలు తప్ప మరో మాట లేదు. వాళ్ళు దాన్ని గ్యాసు అంటారు, గ్యాలన్ల లెక్కన కొంటారు. మా అమ్మాయి వుండే పేటలో గ్యాలను నాలుగున్నర డాలర్లు దాటింది. దేశమంతటి సగటు చూసినా ఆ జూలైలో 4 డాలర్ల 11 సెంట్లయింది. ముడి చమురు పీపా 147 డాలర్లకి ఎక్కి కూచుంది. రేపు 200 అవుతుందని కొందరు పెద్దలు లెక్కలు కట్టి మరీ భయపెట్టేవారు. లివర్‌మోర్‌లో మనవాళ్ళు కట్టుకున్న శివవిష్ణు ఆలయానికి వెళ్తే, ప్రదక్షిణాలు చేస్తూ కూడా మగవాళ్ళు "మీ బండి మైలేజీ ఎంతండీ?" అని కుశలప్రశ్నలు వేసుకుంటున్నారు.

అల్లుడుగారికి అప్పటికి ఒక పెద్ద బండి వుండేది. ఏనుగులా వుండేది, ఏనుగులాగే తాగేది. గ్యాలనుకి పద్ధెనిమిది మైళ్ళు నడిచేది. అయినా చక్కగా పనిచేస్తోంది, అప్పు కూడా తీరిపోయింది. ఆయన స్నేహితుల్లో ఇద్దరు ముగ్గురు హైబ్రిడ్ కార్లు కొనేశారు. రోజూ ఆఫీసు నుంచి వస్తూనే ఆ కబుర్లే.

అసలు ఈ హైబ్రిడ్ కారంటే ఏమిటని ఒకనాడు అడిగాను. పాపం, ఓపిగ్గా చెప్పారు. అందులో పెట్రోలు ఇంజనూ వుంటుంది, కరెంటు మోటారూ వుంటుంది. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో ఆ శక్తి అంతా వేడెక్కి గాలిలో కలిసిపోతుంది. ఇందులో ఆ శక్తిని పట్టి బ్యాటరీలో దాచి, మళ్ళీ బండి కదలడానికి వాడుకుంటుంది. గంజి వార్చి పారబొయ్యకుండా దాచుకునే ఇల్లాలి పద్ధతి అని నేను అర్థం చేసుకున్నాను. అంచేత ఆగుతూ సాగుతూ పోయే వూరి రోడ్లమీద దీని పొదుపు ఎక్కువ. వంద మైళ్ళు ఆగకుండా పోయే రహదారి మీద తక్కువ. అక్కడ బ్రేకే వెయ్యరు, ఇంక గంజి ఎక్కడిది?

1997 డిసెంబరులో జపానులో టొయోటా వాళ్ళు ప్రియస్ అనే బండితో దీనికి వ్యాపారంలో శ్రీకారం చుట్టారు. అమెరికాలో ముందుగా అమ్మకానికి వచ్చింది మాత్రం హోండా వాళ్ళ ఇన్‌సైట్, 1999 డిసెంబరులో. ప్రియస్ ఆ మరుసటేడు అడుగుపెట్టింది. మొదట్లో వీటిని చూసి నవ్వినవాళ్ళే తర్వాత వరసల్లో నిలబడ్డారు.

ఆ వరసలకి కారణం పెట్రోలు ఒక్కటే కాదు, సర్కారువారు కూడానూ. 2006 జనవరి నుంచి హైబ్రిడ్ కొన్నవాళ్ళకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చారు. ప్రియస్‌కి 3,150 డాలర్లు. కాని అందులో ఒక మెలిక పెట్టారు. ఏ కంపెనీ అయినా అరవైవేల బండ్లు అమ్మిన తర్వాత ఆ రాయితీ మెట్లు దిగిపోవాలి. టొయోటా బండ్లు ఆ లెక్క తొందరగానే దాటాయి. 2006 అక్టోబరులో రాయితీ సగమయింది. 2007 ఏప్రిల్‌లో పావు అయింది. అక్టోబరుకి సున్న. మెట్టు దిగబోయే ప్రతిసారీ "ఈ నెల దాటితే పోతుంది" అని జనం పరుగెత్తారు. "నెలాఖరు దాకానే" అన్న మాటకి ఎంత బలం వుందో చూడండి. వాషింగ్టనులో సర్కారు అన్నా అదే, విజయవాడలో షోరూము అన్నా అదే.

ఇంకో విచిత్రం. కాలిఫోర్నియా రోడ్లమీద ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లకని ప్రత్యేకంగా ఒక దారి వదులుతారు. హైబ్రిడ్ కారైతే మనిషి ఒక్కడే వున్నా ఆ దారిన పోవచ్చునని పసుపుపచ్చ బిళ్ళలు ఇచ్చారు. మొత్తం 85,000 బిళ్ళలు ఇచ్చి 2007 మొదట్లో ఆపేశారు. ఆ తర్వాత బిళ్ళ వున్న పాత కారుకి, బిళ్ళ లేని దానికంటే ఎక్కువ ధర పలికింది. ఇనుముకి కాదు, ఇంజనుకి కాదు, అంటించిన కాగితానికి!

ఇన్ని చూసిన తర్వాత అల్లుడుగారి మనసు ఆగుతుందా? జూలై నెలలో, మనవరాలికి బారసాల చేసిన మూడోనాడు, కార్ల దుకాణానికి వెళ్ళారు. నన్నూ తీసుకువెళ్ళారు. ఏ కంపెనీయో, ఏ దుకాణమో చెప్పను, ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. బండి ధర 24,000 డాలర్ల చిల్లర. దాని పక్కనే ఇంకో కాగితం అంటించి వుంది. "మార్కెట్టు సర్దుబాటు 3,000" అని. అంటే కంపెనీ చెప్పిన ధర మీద దుకాణదారుడు ఎక్కువ వేసుకున్నది. "ఇదేమిటి నాయనా?" అంటే, "వద్దంటే మీ వెనకాల పదకొండుమంది వున్నారు" అన్నాడు ఆ అబ్బాయి నవ్వుతూ. పోనీ పాత బండికి ఎంతిస్తావంటే, మార్చిలో పదకొండువేలు పలికిన బండికి ఏడువేలన్నాడు. పెద్ద బండ్లు అందరూ వదిలించుకుంటున్నారు, కొనేవాడు లేడు.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత మనవాళ్ళు ఎందుకు పుట్టించారో నాకు ఆనాడు ఆ దుకాణంలో బోధపడింది. అందరూ అమ్మేది అమ్ముతున్నాం, అందరూ కొనేది కొంటున్నాం. రెండు వేపులా కలిపి ఏడువేల డాలర్లు నష్టం. నేను లెక్కల పంతులమ్మని. నోటిదాకా వచ్చింది. కాని అల్లుడి విషయంలో అత్తగారు నోరు మెదపకూడదని మా అమ్మ చెప్పిన మాట అడ్డొచ్చింది. మింగేశాను. అది నేను చేసిన తప్పు.

ఆ రాత్రి పసిపిల్లని ఒళ్ళో వేసుకుని, గోడకున్న కేలండరు వెనక లెక్క వేశాను. ఏడాదికి పన్నెండువేల మైళ్ళు తిరుగుతారు. పాత బండికి 667 గ్యాలన్లు కావాలి. కొత్తది గ్యాలనుకి 46 మైళ్ళు ఇస్తే 261 చాలు. మిగిలేది 406 గ్యాలన్లు. నాలుగున్నర చొప్పున ఏడాదికి పద్ధెనిమిది వందల డాలర్ల పైచిలుకు. పోయిన ఏడువేలు రావడానికి నాలుగేళ్ళు. "సరే, నాలుగేళ్ళేగా" అని మనసు సమాధానపరచుకున్నాను. ఆ లెక్కలో పెట్రోలు ధర నాలుగున్నర దగ్గరే నిలబడుతుందని నేనూ అనుకున్నాను చూడండి. లెక్క తప్పలేదు, అనుకున్నది తప్పింది.

* * *

సెప్టెంబరులో అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలాయి. అక్టోబరులో షేర్లు పడ్డాయి. జనం ప్రయాణాలు మానుకున్నారు, ఫ్యాక్టరీలు నెమ్మదించాయి, చమురు అడిగేవాడు లేకపోయాడు. 147 డాలర్ల పీపా డిసెంబరుకి నలభైకి దిగువన పడింది. మా అమ్మాయి పేటలో గ్యాలను రెండు డాలర్ల లోపుకి వచ్చింది. దేశం సగటు డిసెంబరు ఆఖరికి ఒకటీ అరవై.

నేను తిరుగు ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటూ ఆ కేలండరు మళ్ళీ తిప్పి చూశాను. 1.80 చొప్పున వేస్తే పొదుపు ఏడాదికి 730 డాలర్లు. ఏడువేలు రావడానికి పదేళ్ళు! జూలైలో పదకొండుమంది వరసలో వున్న ఆ దుకాణం మీదుగానే విమానాశ్రయానికి వెళ్ళాం. హైబ్రిడ్ కార్లు వరసగా నిలబడి వున్నాయి. "మార్కెట్టు సర్దుబాటు" కాగితం ఏదీ? దాని స్థానంలో "తగ్గింపు" అన్న రంగుల తోరణం. అల్లుడుగారు అటు చూడలేదు. నేనూ చూడనట్టే వూరుకున్నాను.

ఆయన ఒక్కరే మోసపోయారని అనుకోకండి. టొయోటా కంపెనీవాళ్ళు ఆ 2008 జూలైలోనే, మిసిసిపీ రాష్ట్రంలో కడుతున్న ఫ్యాక్టరీలో ప్రియస్‌లు తయారుచేస్తామని ప్రకటించారు. డిసెంబరు వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీనే నిరవధికంగా ఆపేశారు. ఆఖరికి 2011లో తెరిచి, అందులో మామూలు కరోలా కార్లు తయారుచేశారు. కార్లు చెయ్యడమే వృత్తిగా వున్నవాళ్ళకే గిరాకీ ఆర్నెల్లకి ఎక్కడుంటుందో తెలియలేదు. ఉద్యోగం చేసుకునే కుర్రవాడికి ఎలా తెలుస్తుంది?

అమ్మకాలు చూసినా ఇదే చిత్రం. అమెరికాలో ప్రియస్‌లు 2006లో లక్షా ఏడువేలు అమ్ముడైతే, 2007లో లక్షా ఎనభై ఒకటివేలు. ఆ ఏడు సరుకు దండిగా వచ్చింది, తక్కువ వడ్డీ అప్పుల వంటి ఆశలూ చూపించారు. 2008లో లక్షా యాభై ఎనిమిది వేలకి దిగింది. వేసవిలో అడిగినవాళ్ళకి బండి లేదు, చలికాలంలో బండి వుంటే అడిగినవాళ్ళు లేరు. 2009లో లక్షా నలభైవేలు కూడా కాలేదు.

మా కథ ముగింపు చెప్పాలి. 2009 జనవరిలో అల్లుడుగారి కంపెనీలో మనుషుల్ని తీసేశారు. అందులో ఆయన పేరూ వుంది. మార్చిలో పిల్లని తీసుకుని ఇండియా వచ్చేశారు. వచ్చేముందు కారు అమ్మితే, ఆ రోజుల్లో పలికిన ధర అప్పుకి చాలలేదు. ఇంకా నాలుగువేల డాలర్లు కట్టాలి. అప్పటి మారకం ప్రకారం రెండు లక్షల రూపాయలు. మావారు ప్రావిడెంటు ఫండులో అప్పు తీసి పంపించారు. ఆ సంగతి అల్లుడుగారి ఎదట మేము ఎన్నడూ ఎత్తలేదు. ఆయన తర్వాత హైదరాబాదులో మంచి ఉద్యోగంలో కుదురుకుని, అణాపైసలతో తిరిగి ఇచ్చేశారు. ఆనాటి పసిపిల్ల ఇప్పుడు ఇంటరు చదువుతోంది. ఈ వ్యాసం రాస్తానంటే ఆయనే, "రాయండి అత్తయ్యగారూ, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. అందుకే రాస్తున్నాను.

* * *

ఇంతకీ మావారు వంటింటి గుమ్మంలోనే వున్నారు కదా! ఆయన్ని కూచోబెట్టి, జమాఖర్చుల పుస్తకం తీశాను.

మన దేశంలో ఈ కారు కథ కూడా అమెరికా కథకి తీసిపోలేదు. 2015 ఏప్రిల్‌లో కేంద్రంవారు ఫేమ్ అనే పథకం పెట్టి, కొంచెంపాటి కరెంటు సాయం వుండే మైల్డ్ హైబ్రిడ్ కార్లకీ రాయితీ ఇచ్చారు. కొన్ని మోడళ్ళకి 13,000 రూపాయలు వచ్చేది. 2017 ఏప్రిల్‌లో అలాంటి కార్లని ఆ జాబితాలోంచి తీసేశారు. అదే ఏడు జూలైలో జీఎస్టీ వచ్చింది. పెద్ద హైబ్రిడ్ కార్ల మీద సెస్సుతో కలిపి 43 శాతం పడింది. పూర్తి కరెంటు కార్లకేమో మొదట 12, 2019 నుంచి 5 శాతం.

2022లో మళ్ళీ గాలి మళ్ళింది. ఆ ఏడు మే నెలలో హోండా సిటీ హైబ్రిడ్, సెప్టెంబరులో మారుతీ గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, ఏడాది చివర ఇన్నోవా హైక్రాస్ వచ్చాయి. లీటరు పెట్రోలు వంద దాటిన రోజులు. జనం ఎగబడ్డారు. డబ్బు కట్టి నెలలకొద్దీ ఎదురుచూసినవాళ్ళు మా వీధిలోనే వున్నారు. ఆనాడు ముదరా అడిగితే నవ్వేవారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇలాంటి కార్లకి రిజిస్ట్రేషను పన్ను ఎత్తేసింది. ఒకే కారు, ఒక రాష్ట్రంలో ఒక ధర, మనకి ఇంకో ధర.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మళ్ళీ మారింది. పెద్ద హైబ్రిడ్ కార్లకి 43 నుంచి 40కి తగ్గింది. సంతోషమే. కాని వాటి పక్కన నిలబడే మామూలు పెట్రోలు బండ్లకి 45 నుంచి, ఇంకా పెద్దవాటికి 50 నుంచి, అదే 40కి తగ్గింది! అంటే హైబ్రిడ్ ధర తగ్గింది నిజమే, పక్కింటి బండి ధర ఇంకా ఎక్కువ తగ్గింది. పన్నులో హైబ్రిడ్‌కి వున్న కాస్త సదుపాయం అక్కడ పోయింది.

"తగ్గింపు ఎందుకని అడిగావుగా, ఇదేనా జవాబు?" అన్నారు మావారు.

"ఇదొకటి. డిసెంబరు కావడం ఇంకొకటి. జనవరి ఒకటో తారీఖు రాగానే ఆ బండి పోయిన సంవత్సరపు బండి అయిపోతుంది. రేపు మనం అమ్మేటప్పుడు కొనేవాడు ఏ నెలలో కొన్నారని అడగడు, ఏ ఏడాది తయారీ అని అడుగుతాడు. ఇవాళ వాడు తగ్గించిన దాంట్లో కొంత ఆనాడు మన దగ్గర తగ్గించుకుంటాడు" అన్నాను.

తర్వాత లక్షా పదిహేనువేలు ఎలా అయిందో చూశాం. ఫోనులో సన్నటి అక్షరాల్లో వుంది. రొక్కంగా తగ్గించేది యాభైవేలు. పాత కారు ఇస్తే నలభైవేలు. ఫలానా కంపెనీల ఉద్యోగులకి పదిహేనువేలు. మిగిలిన పదివేలు సామాన్ల రూపంలో. మావారు పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది కనక ఉద్యోగుల వాటా మాకు రాదు. పాత కారుకి నలభైవేలు ఇస్తామన్నవాడు, అసలు దానికి కట్టే వెల ఎంతో చెప్పలేదు. సన్నీవేల్‌లో పదకొండువేల బండి ఏడువేలయింది నాకు జ్ఞాపకమే. రొక్కం యాభైవేలు మాత్రం నిజమైన ముదరా. పక్కనే వున్న పెట్రోలు బండి మీద కూడా ముప్ఫయివేలు తగ్గింపు వుంది. అంటే ఈ రెండు బండ్ల మధ్య దూరం నిజంగా తగ్గింది ఇరవైవేలు!

అసలు చూడవలసింది ఆ దూరమే. హైబ్రిడ్‌కి, అలాంటి మామూలు బండికి మధ్య రెండున్నర లక్షల తేడా వుందనుకోండి. మామూలుది లీటరుకి 14 కిలోమీటర్లు, హైబ్రిడ్ 22 నడుస్తాయనుకోండి. పెట్రోలు 110 రూపాయలు వేసుకుందాం. మీ బండివి మీరు మార్చుకోవచ్చు.

ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగేవారికి మిగిలేది 130 లీటర్లు, 14,300 రూపాయలు. తేడా రాబట్టడానికి పదిహేడేళ్ళు పైన.

12,000 కిలోమీటర్లు తిరిగేవారికి 34,000 చిల్లర. ఏడేళ్ళు దాటుతుంది.

20,000 తిరిగేవారికి 57,000. నాలుగున్నరేళ్ళు చాలు.

"మనం ఎంత తిరుగుతాం?" అన్నారు మావారు. ఇద్దరం కిందకి వెళ్ళి మా పాత చిన్న కారు తలుపు తీసి చూశాం. పదకొండేళ్ళలో 54,600 కిలోమీటర్లు. ఏడాదికి అయిదువేలు. అందులో సగం గుంటూరు, ఏలూరు పెళ్ళిళ్ళకి, ఎక్కడా బ్రేకు వెయ్యని రహదారి మీద. అరవై ఎనిమిదేళ్ళ వయసులో పదిహేడేళ్ళ లెక్క. ఆయన తలుపు మెల్లిగా వేసేశారు. ఆ మెల్లిగా వెయ్యడం చూసి నాకు కష్టమనిపించింది.

ఆయన కోరిక నాకు తెలియనిది కాదు. ఉద్యోగంలో వుండగా స్కూటరు, తర్వాత ఈ చిన్న కారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఆ రెండు లక్షలు, అన్నీ అయిన తర్వాత ఒక్కసారి కాస్త పెద్ద బండిలో, చప్పుడు లేకుండా, హాయిగా వెళ్ళాలని ఆయనకి వుంది. బ్యాంకులో డిపాజిట్టు వుంది. అది మా ఇద్దరి ఆస్పత్రి ఖర్చులకని దాచింది.

"లెక్క సరే. కోరిక మాటేమిటి?" అన్నారు.

"కోరిక తప్పు కాదు. నేను పట్టుచీర కొన్నప్పుడు అది మన్నుతుందని కొన్నానా? కట్టుకోవాలని కొన్నాను. కొంటే కోరిక పద్దు కింద రాయండి. పొదుపు పద్దు కింద రాయకండి. ఒక పద్దులోది ఇంకో పద్దులో రాస్తే పుస్తకం తేలదు" అన్నాను. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

సాయంత్రం హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. వాడు ఎల్.బి.నగర్‌లో వుంటాడు, ఉద్యోగం హైటెక్ సిటీలో. రానూపోనూ రోజుకి అరవై కిలోమీటర్ల పైచిలుకు. అందులో సగం దూరం ఆగడమే, నడవడం తక్కువ. వాడికి కారు మార్చే సమయం ఎలాగూ వచ్చింది. లెక్క వేసి చూస్తే, వాడికి ముదరా రూపాయి లేకపోయినా హైబ్రిడ్ గిట్టుతుంది. మాకు లక్ష తగ్గించినా గిట్టదు. ఒకే ఇల్లు, ఒకే కారు, ఒకే తగ్గింపు! కారు చవకో ప్రియమో దుకాణదారుడి కాగితంలో లేదు, మనం నడిచే రోడ్డులో వుంది.

వాడికి కూడా ఒకటే చెప్పాను. "పెట్రోలు పెరిగి అందరూ పరుగెత్తే వారం నువ్వు పరుగెత్తకు. దొరికితే ముదరా తీసుకో. కాని బండి తయారయిన నెల చూడు, బ్యాటరీకి ఎన్నేళ్ళు హామీ ఇస్తారో కాగితం మీద రాయించుకో, పాత బండి బయట ఎంత పలుకుతుందో కనుక్కుని గాని అప్పగించకు. పెట్రోలు ధర ఇప్పుడున్నట్టే పదేళ్ళుంటుందని మాత్రం లెక్క వెయ్యకు. ఎక్కువ వేసి ఒకసారి, తక్కువ వేసి ఒకసారి చూసుకో. రెండింటికీ నిలబడితేనే కొను."

ఈ చివరిమాట 2008 జూలైలో అల్లుడుగారితో అనవలసింది. ఆనాడు మొహమాటపడి అనలేదు. మీలో అత్తగార్లెవరైనా వుంటే, లెక్క విషయంలో మొహమాటం పడకండి. అల్లుడు ఒకపూట ముఖం ముడుచుకున్నా ఫరవాలేదు.

షోరూము నుంచి ఆ నెలాఖరు దాకా నాలుగుసార్లు ఫోను వచ్చింది. "ఇవాళే ఆఖరు సార్" అని. మావారు ప్రతిసారీ మర్యాదగా "ఆలోచిస్తున్నాం బాబూ" అన్నారు. జనవరిలో మళ్ళీ వచ్చింది. ఈసారి సంక్రాంతి తగ్గింపుట!

మావారు ఇంకా ఏమీ తేల్చలేదు. కొంటారో, మానేస్తారో నేను అడగడం లేదు. కాని ప్రతి ఆదివారం కిందకి వెళ్ళి, కారులో కిలోమీటర్లు చూసి వచ్చి, నా జమాఖర్చుల పుస్తకం ఆఖరి పేజీలో రాస్తున్నారు. నలభై అయిదేళ్ళలో ఆ పుస్తకంలో ఆయన చేతిరాత ఇదే మొదలు. మీరూ ఈ ఆదివారం నుంచి మొదలుపెట్టండి. తగ్గింపు కాగితం చదవడానికి ముందు చదవవలసిన అంకె అదే.